పెద్ద కుటుంబానికి విమానంలో పక్కపక్క సీట్లు: కొన్నేళ్ల వాడకం తర్వాత నా సమీక్ష

సీటు ఎంచుకోవడానికి విమానయాన సంస్థలు ఇచ్చే ఏర్పాట్లు ఇద్దరు ముగ్గురు ప్రయాణికులకు బాగానే సరిపోతాయి. ఇంటిల్లిపాదీ బయలుదేరినప్పుడే వాటి బలమూ లోపమూ తెలిసివస్తాయి. శ్రీకాకుళంలో మాది ఉమ్మడి కుటుంబం. మామగారు, అత్తగారు, మామగారి అక్కగారు (మావారికి మేనత్తగారు), ముగ్గురు అన్నదమ్ములు, ముగ్గురు తోటికోడళ్లం, ఐదుగురు పిల్లలు కలిసి పద్నాలుగు మందిమి. హైదరాబాదులో పెళ్లిళ్లకూ, తిరుపతి మొక్కులకూ, ఒకమారు కాశీకీ విశాఖపట్నం వెళ్లి విమానం ఎక్కాము. టికెట్లు తీయడం, సీట్లు కుదర్చడం మొదటినుంచీ ఇంట్లో నా వంతే. డబ్బు కట్టి సీటు ఎంచుకోవడం, ఉచిత వెబ్ చెకిన్ (బయలుదేరే ముందు సంస్థ సైటులో మనమే సీటు, బోర్డింగ్ పాస్ తీసుకోవడం), గ్రూప్ బుకింగ్, కౌంటరులో అడగడం, లోపలికి వెళ్లాక తోటి ప్రయాణికులను బతిమాలుకోవడం, ఇవన్నీ వాడి చూశాను. అందరికీ ఒకేచోట సీట్లు కావాలని పట్టుబట్టకుండా, ఎవరి పక్కన ఎవరు తప్పనిసరిగా ఉండాలో ముందు తేల్చుకుని, టికెట్టు తీసేటప్పుడే ఆ లెక్క ప్రకారం విడగొట్టుకుంటే ఖర్చూ తగ్గుతుంది, కంగారూ తగ్గుతుంది. ఇన్నాళ్ల వాడకంలో నాకు కలిగిన నమ్మకం ఇదే.

మా వైపు వారికి రైలు అలవాటు ఎక్కువ. శ్రీకాకుళం రోడ్డు స్టేషన్లో ఎక్కేటప్పుడు ఒక టికెట్టుకు ఆరుగురికి మించి పేర్లు పట్టకపోయినా, బెర్తులు తలో బోగీలో వచ్చినా, రాత్రంతా సమయం ఉంటుంది కనుక అడిగి, మార్చుకుని, ఎలాగో సర్దుకుంటాము. విశాఖపట్నం నుంచి హైదరాబాదు విమానంలో గంట పైచిలుకు ప్రయాణం. అందులో కూడా బెల్టు పెట్టుకుని కదలకుండా కూర్చోవలసిన సమయం చాలా పోతుంది. ఎక్కాక సర్దుకుందాములే అన్న ధీమా ఇక్కడ పనికిరాదు.

సీట్ల అమరిక ముందు తెలుసుకోవాలి. దేశీయ మార్గాల్లో ఎక్కువగా తిరిగే ఎయిర్‌బస్ 320, బోయింగ్ 737 రకాల్లో నడవకు అటు మూడు, ఇటు మూడు సీట్లు ఉంటాయి. చిన్నదైన ఏటీఆర్‌లో రెండేసి మాత్రమే. అంటే ఎంత డబ్బు పోసినా ఒక వరుసలో ఆరుగురికి మించి పట్టరు, నిజంగా ఆనుకుని కూర్చోగలిగేది ముగ్గురే. అందుకే నేను పద్నాలుగు మందిని మూడేసి, రెండేసి మందిగా కాగితం మీద రాసుకుంటాను. పెళ్లి బంతిలో పెద్దవాళ్ల పక్కన వడ్డన చూసుకునే మనిషిని కూర్చోబెట్టినట్టే, ప్రతి పసివాడి పక్కనా, ప్రతి ముసలివారి పక్కనా చూసుకునే మనిషి ఒకరు ఉండేలా చూస్తాను. మిగిలిన పెద్దలు ఎక్కడ కూర్చున్నా ఇబ్బంది లేదు.

అసలు కీలకం పీఎన్‌ఆర్ దగ్గర, అంటే ఒక బుకింగులోని వారందరికీ కలిపి ఇచ్చే నంబరు దగ్గర ఉంది. మేము వాడిన సంస్థల సైట్లలో ఒక బుకింగులో తొమ్మిది మందికి మించి తీసుకోవు. అంతకు మించితే గ్రూప్ బుకింగు కింద విడిగా అడగాలి. ఆ పద్ధతిలో పేర్లు తర్వాత ఇచ్చే వెసులుబాటు ఉంటుంది కనుక, ఎవరు వస్తారో చివరిదాకా తేలని పెళ్లి ప్రయాణాలకు అది మంచిదే. అయితే ధర ఎప్పుడూ చవకగా ఉంటుందని అనుకోకూడదు. ఒకే విమానంలో ఒకే తరగతిలో కూడా ధరలు మెట్లు మెట్లుగా ఉంటాయి. తక్కువ మెట్టులో నాలుగు సీట్లే మిగిలి ఉండగా తొమ్మిది మందికి ఒకేసారి అడిగితే, తొమ్మిది మందికీ పై మెట్టు ధరనే చూపిస్తుంది. కాబట్టి ముందు తక్కువ మందికి అడిగి ధర చూసి, తర్వాత సంఖ్య పెంచి చూడడం నా అలవాటు.

విడగొట్టేటప్పుడు తొమ్మిది, ఐదు అని అంకెల లెక్కన కోయకూడదు. 2024 ఏప్రిల్‌లో పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్ విమానయాన సంస్థలకు ఒక ఆదేశం ఇచ్చింది. 12 ఏళ్ల వరకు వయసున్న పిల్లలకు, అదే పీఎన్‌ఆర్‌పై ప్రయాణిస్తున్న తల్లిదండ్రుల్లో గానీ సంరక్షకుల్లో గానీ కనీసం ఒకరి పక్కన సీటు కేటాయించాలని, దానిని నమోదు చేసి ఉంచాలని అందులో ఉంది. ‘అదే పీఎన్‌ఆర్’ అన్న మాటను గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. చవకగా దొరికిందని పిల్లవాడి టికెట్టు బాబాయి బుకింగులో కలిపితే, తల్లి అదే విమానంలో ఉన్నా ఈ రక్షణ మీద పట్టుబట్టడం కష్టమవుతుంది. మా ఇంట్లో ఇప్పుడు ఏ జంట పిల్లలు ఆ జంట పీఎన్‌ఆర్‌లోనే ఉంటారు. అత్తమామలనూ మేనత్తగారినీ మా బుకింగులో కలుపుతాను.

ఇక డబ్బు కట్టే సీట్ల సంగతి. అందరికీ కొనడం దండగ అని నా అభిప్రాయం. ముందు వరుసలకూ, కాళ్లు చాపుకునే చోటు ఎక్కువున్న సీట్లకూ ధర బాగా ఎక్కువ. వెనక వరుసల్లో తక్కువ. నేను పెద్దవాళ్లున్న ఒక వరుసకు మాత్రమే కొంటాను. మేనత్తగారికి కిటికీ, అత్తగారికి మధ్య సీటు, మామగారికి నడవ వైపు. నడవకు ఇవతల, అదే వరుసలో, నేను. పిల్లల విషయంలో పై ఆదేశాన్ని నమ్ముకుని వెబ్ చెకిన్ దాకా ఆగుతాను. చాలా సంస్థలు దానిని 48 గంటల ముందు తెరుస్తాయి. తెరిచిన వెంటనే కూర్చుని చేస్తేనే జతగా ఖాళీలు దొరుకుతాయి. ఆలస్యమైతే మిగిలేవి చెల్లాచెదురుగా ఉన్న మధ్య సీట్లే.

మేనత్తగారి వరుసకు తప్పక డబ్బు కట్టడానికి కారణం, ఆవిడ ఒంటరిగా కూర్చుంటే ఎంత ఇబ్బందో ఒకసారి చూడడమే. ఒక ప్రయాణంలో చివరి నిమిషంలో విమానం మార్చారు. మేము కొన్న సీట్ల అంకెలు కొత్త విమానంలో కుదరక అందరినీ తలో వైపు విసిరేశారు. కట్టిన రుసుము తర్వాత వెనక్కి వచ్చింది గానీ, డెబ్బై అయిదు దాటిన ఆ మనిషి వెనక ఎక్కడో ఇద్దరు అపరిచితుల మధ్య కూర్చున్నారు. బెల్టు బిగించడం చేతకాక కొసలు రెండూ ఒడిలో పట్టుకుని ఉంటే ఎయిర్‌హోస్టెస్ వచ్చి పెట్టిందట. దిగాక, “దాహవేసినా ఊరుకున్నానమ్మా, ఆ బాబుని లేపడానికి మొగమాటవేసింది” అన్నారు. అప్పటినుంచి సీటు కొన్నా కూడా బయలుదేరే ముందురోజు రాత్రీ, ఉదయమూ ఒకసారి సీటు మ్యాప్ తెరిచి చూస్తాను. మారి ఉంటే వెంటనే ఫోన్ చేస్తాను.

కౌంటరు దగ్గర అడగడాన్ని చిన్నచూపు చూడనక్కరలేదు. దేశీయ విమానాలకు సాధారణంగా గంట ముందు కౌంటరు మూసేస్తారు. ఆ చివరి పావుగంటలో వెళ్లి అడిగితే వారి చేతిలో కూడా ఏమీ ఉండదు. శ్రీకాకుళం నుంచి జాతీయ రహదారి 16 మీద రణస్థలం, భోగాపురం, తగరపువలస దాటి నగరంలోకి వచ్చేసరికి ఎక్కడ ఆగిపోతామో చెప్పలేము కనుక మేము చాలా ముందే బయలుదేరుతాము. తొందరలేని వేళ వెళ్లి, పీఎన్‌ఆర్‌లన్నీ ఒకే కాగితం మీద రాసి చూపించి, ‘ఈ పాప ఈమె పక్కన, ఈ పెద్దావిడ ఈయన పక్కన ఉంటే చాలు’ అని అడిగితే సిబ్బంది చాలాసార్లు శ్రమపడి కుదిర్చారు. ‘అందరికీ ఒకేచోట’ అని అడిగిన కుటుంబాలకు కుదరదన్న జవాబు రావడం పక్కనే నిలబడి చూశాను.

విమానంలోపల మార్పిడి చివరి దారి. నడవ సీటు అడిగితే నడవ సీటే బదులివ్వాలి. మధ్య సీటు ఇచ్చి కిటికీ అడగడం న్యాయం కాదు. ఏటీఆర్‌లో బరువు సమతూకం చూస్తారు కనుక సిబ్బందిని అడగకుండా మారకూడదు. ఒడిలో కూర్చునే రెండేళ్ల లోపు బిడ్డలు ఇద్దరుంటే తల్లులిద్దరికీ ఒకే మూడు సీట్ల వరుస ఇవ్వరు. నడవకు ఒక్కో వైపున్న మూడు సీట్లకూ అదనపు ఆక్సిజన్ మాస్క్ ఒకటే ఉండడం దానికి కారణం. మా చిన్న తోటికోడలూ నేనూ బిడ్డల తల్లులుగా ఉన్నప్పుడు నడవకు చెరోవైపూ కూర్చునే వాళ్లం. అత్యవసర ద్వారం పక్క వరుసలు ఖాళీగా కనబడినా పిల్లలకూ, సాయం అవసరమైన పెద్దలకూ ఇవ్వరు.

మొత్తం ఏర్పాటులో నాకు మిగిలిన అసంతృప్తి ఒక్కటే. 2024 ఆదేశం పిల్లల దగ్గరే ఆగిపోయింది. తెలుగు తప్ప మరో భాష రాని, వీల్‌చెయిర్‌లో విమానం దాకా వచ్చే ముసలివారికి కూడా వెంట వచ్చిన మనిషి పక్కన సీటు ఉచితంగా దక్కాలి. పిల్లలకు ఉన్న అవసరమే వారికీ ఉంది, మాట పెగలని మొహమాటం అదనంగా ఉంది. అలాంటి నియమం వచ్చేవరకు మేనత్తగారి వరుసకు మేము డబ్బు కట్టే తీసుకుంటాము.