బ్లాక్ బుక్: తెలిసినవాళ్లకే దారి

గోడలు పాకుతూ, గట్టు మీంచి గట్టు మీదకు దూకుతూ కొత్త చోట్లు వెతుక్కునే వీడియో ఆటలంటే నాకు ప్రాణం. అలాంటి ఆటల్లో మూసి ఉన్న దారి తెరుచుకోవాలంటే కొత్త శక్తి సంపాదించాలి. గాల్లోనే మరోసారి గెంతగలగాలి, లేదా నిలువు గోడను పట్టుకుని వేలాడగలగాలి. రష్యన్ల వంటి స్లావ్ జాతుల పాత నమ్మకాల మీద అలాంటి ఆట ఏదైనా ఉందా అని వెతుకుతూ వెళ్లి బ్లాక్ బుక్ దగ్గర ఆగిపోయాను. ఇందులో గెంతడం లేదు. పోరాటం పేకముక్కల పద్ధతిలో సాగుతుంది. మూసిన దారులు మాత్రం అడుగడుగునా ఉన్నాయి, వాటిని తెరిచేది తెలిసి ఉండటమే. ఏ భూతానికి ఏమిటంటే భయమో, ఏ వేళ ఎవరి సొంతమో తెలిస్తే ముందుకు సాగుతాం. తెలియకపోతే దెబ్బ తింటాం. ఈ ఒక్క సంగతి కోసమే రెండుసార్లు మొదటి నుంచి చివరి వరకు ఆడాను. ఇప్పుడు మూడోసారి ఆడుతున్నాను.

దీన్ని తయారుచేసింది రష్యాలోని పెర్మ్ నగరానికి చెందిన మోర్తెష్కా అనే చిన్న బృందం. 2021 ఆగస్టులో విడుదలైంది. కథ జరిగేది కూడా వాళ్ల ప్రాంతంలోనే: ఉరల్ కొండల ఉత్తర భాగాన, చెర్దిన్ జిల్లాలో, 1879లో. వసిలీస మంత్రవిద్యకు వారసురాలు కావలసిన పిల్ల. ఆ విద్య వద్దనుకుని, ప్రేమించినవాణ్ని పెళ్లి చేసుకుని మామూలుగా బతకాలనుకుంది. అతను చనిపోయాడు. ఆత్మహత్య అంటుంది ఊరు, ఆమె నమ్మదు. ఏడు ముద్రలూ విప్పినవాళ్ల కోరిక ఏదైనా తీరుస్తుందని చెప్పుకునే నల్ల పుస్తకాన్ని చేతిలోకి తీసుకుంటుంది. తనను పెంచిన ముసలి మాంత్రికుడు యెగోర్ దగ్గర విద్య మొదలుపెడుతుంది. కథ ఇంతకు మించి చెప్పను.

పోరాటం సంగతి మాత్రం వివరంగా చెప్పాలి. మన చేతికి వచ్చే ముక్కలు ఆ పుస్తకంలోని పేజీలే. నల్ల పేజీలు ఎదుటివాణ్ని గాయపరుస్తాయి, తెల్ల పేజీలు మనల్ని కాపాడతాయి. వాటిలో కొన్ని 'ఆజ్ఞలు', కొన్ని 'తాళంచెవులు'. ఆజ్ఞలను వరుసగా పేర్చి, తాళంచెవితో ముగిస్తే మంత్రం పూర్తవుతుంది. మొదట్లో ఇది ఆట కోసం కల్పించిన లెక్క అనుకున్నాను. కాదు. రష్యన్ పల్లెల్లో 'జగోవోర్' అనే మంత్రాలను నిజంగానే చివర్లో తాళం, తాళంచెవి అనే మాటలతో బిగించేవారు. చెప్పిన మాట చెదిరిపోకుండా బీగం వేయడమన్నమాట. ఆ విషయం తెలిశాక ఆ పేజీ వేసే ప్రతిసారీ చెవిలో తాళం పడిన చప్పుడు వినిపించినట్టే ఉంటుంది నాకు. నియమం, నమ్మకం ఇంతగా ఒకటైపోయిన ఆట మరొకటి నేను చూడలేదు.

చోర్త్‌ల ఏర్పాటు ఇంకా గొప్పది. చోర్త్ అంటే మనం పిల్లదయ్యం అనుకోవచ్చు. మాంత్రికుడి అధీనంలో ఉంటాయి, కానీ ఖాళీగా ఉండలేవు. పని ఇవ్వకపోతే యజమానినే పీడిస్తాయి. అందుకే మాంత్రికులు వాటిని ఇసుకతో తాడు పేనమని కూర్చోబెట్టేవారని అక్కడి జానపద కథలు చెబుతాయి. ఆటలో ఆ బరువు మన నెత్తిన పడుతుంది. వాటిని ఊళ్ల మీదకు పంపి చెడుపనులు చేయిస్తే డబ్బు వస్తుంది, మన ఖాతాలో పాపం పెరుగుతుంది. పంపకపోతే తర్వాతి పోరాటంలో మన బలం తగ్గుతుంది. మొదటిసారి ఆడినప్పుడు నేను ఏమీ ఆలోచించకుండా పంపేశాను. నాలుగు నాణేలు వచ్చాయి కదా అనుకున్నాను. కాసేపటికి పాపం అంకె చూసి చెయ్యి ఆగిపోయింది. నన్ను ఎవరూ తిట్టలేదు, ఎవరూ నీతి చెప్పలేదు. ఎవరి ఇంటికి ఏ కీడు పంపానో మాత్రం గుర్తుంది.

పక్కనే ఒక విజ్ఞాన సర్వస్వం కూడా నిండుతూ ఉంటుంది. దారిలో విన్న, చూసిన సంగతులన్నీ అందులో చేరతాయి. దాన్ని చదవకుండా దాటేయకండి, ఆట సగం అందులోనే ఉంది. అడవికి అధిపతి లేషీ. అతను దారి తప్పిస్తే బట్టలు తిరగేసి తొడుక్కోవాలి. అర్ధరాత్రి దాటాక ఆవిరి స్నానాల గది మనుషులది కాదు, అందులో ఉండే బాన్నిక్ అనే భూతానిది. పోలుద్నిత్స అనే ఆడ భూతం మిట్టమధ్యాహ్నం చేలల్లో తిరుగుతుంది. ఇకోత అన్నది మనిషి లోపల చేరి వేరే గొంతుతో మాట్లాడే పీడ. పెర్మ్ ప్రాంతంలో ఈ నమ్మకం చాలా బలమైనది. ఇవన్నీ గ్రంథాల్లోని దేవుళ్ల గాథలు కావు. 'మా అత్తకు జరిగింది, మా పక్కింటాయన చూశాడు' అంటూ చెప్పుకునే ముచ్చట్లు. రష్యన్‌లో వాటిని బిలీచ్కి అంటారు. దిష్టి తగిలిందని ఎవరైనా వసిలీస గుమ్మంలోకి వచ్చినప్పుడు ఉప్పూ మిరపకాయలూ తిప్పి పొయ్యిలో వేసే మా అమ్మమ్మ గుర్తుకొచ్చింది. అంత దూరపు ఊరు ఆ క్షణాన చాలా దగ్గరదైపోయింది.

అందరికీ నచ్చే ఆట కాదు. నడక నెమ్మది, సంభాషణలు పొడుగు. సగం దాటాక మంచి పేజీలు చేతికి వస్తే చిన్న పోరాటాలు మరీ తేలికైపోతాయి. బొమ్మలు కూడా సాదాసీదావే, ముఖాల్లో భావాలు పెద్దగా కనిపించవు. కానీ చీకటి అడవి, పొగమంచు, దీపం వెలిగిన చెక్క ఇళ్లు మనసులో నిలిచిపోతాయి. రష్యన్ గొంతులు పెట్టుకుని ఇంగ్లీషు అక్షరాలు చదువుతూ ఆడమంటాను. పల్లె పలుకుల్లోని బరువు అనువాదంలో కొంత జారిపోయింది, గొంతులో మాత్రం ఉంది. అదే బృందం 2017లో చేసిన ద మూస్‌మ్యాన్ కూడా ఆడాను. పక్కకు నడుస్తూ లోకాలు దాటే చిన్న ఆట అది. అందులోవి స్లావ్ కథలు కావు, ఆ నేల మీదే ఉండే కోమి జాతి కథలు. రెండూ ఆడితే ఒకే నేల మీద రెండు జాతులు ఏమేమి నమ్మాయో తెలుస్తుంది.

బడలికగా ఉన్న రాత్రుల్లో కథ జోలికి పోకుండా ఊళ్లో వాళ్లతో దురాక్ ఆడుకుంటాను. ఇది అక్కడి అసలైన పేకాట, 36 ముక్కలతో ఆడతారు. గెలిచినవాడంటూ ఉండడు, చివరికి ముక్కలు చేతిలో మిగిలినవాడు మూర్ఖుడు, అంతే.

ఈ మూడోసారి ఐదో ముద్ర దాకా వచ్చాను. చోర్త్‌లను ఒక్క ఇంటి మీదకూ పంపలేదు. ప్రతి పోరాటమూ ముందటి కంటే కష్టంగా ఉంది. నిన్న రాత్రి ఒకే భూతం చేతిలో నాలుగుసార్లు ఓడిపోయాను. పేజీల వరుస మార్చుకుని ఇవాళ మళ్లీ కూర్చుంటాను.