మిల్లు జల్లెడతో మొదలుపెట్టి: సూర్యలంక ఇసుకకు మిర్యాలగూడ స్కూపు

సముద్రం లేని ఊళ్లో ఉండి సముద్రపు ఇసుక తోడే పనిముట్టు మీద రివ్యూ రాస్తున్నానంటే మా ఇంట్లోనే నవ్వుతున్నారు. మాది మిర్యాలగూడ. రైస్ మిల్లుల్లో మోటార్లు, ప్యానెల్ బోర్డులు చూసే ఎలక్ట్రీషియన్ని. సీజన్ లేని రోజుల్లో చేతులు ఊరుకోవు. వాడపల్లి వంతెన దాటి, పిడుగురాళ్ల, నరసరావుపేట, చిలకలూరిపేట మీదుగా బాపట్ల పోతే అక్కడికి దగ్గర్లోనే సూర్యలంక బీచ్. పొద్దున్నే బయల్దేరితే టిఫిన్‌తో కలిపి నాలుగున్నర గంటలు. ఇప్పటికి మూడుసార్లు పోయొచ్చాను, మూడుసార్లూ వేరే వేరే స్కూపుతో.

ఇదంతా మా మరదలి ఉంగరం దగ్గర మొదలైంది. రెండేళ్ల కింద కార్తీక పౌర్ణమికి అందరం సూర్యలంకలో స్నానానికి పోయాం. తెల్లవారుజామున చన్నీళ్లకు వేళ్లు సన్నబడతాయి, అల వచ్చి లాగుతుంది, నిశ్చితార్థం ఉంగరం జారిపోయింది. మోకాళ్ల మీద కూర్చొని ఇసుక పిసికాం. దొరకలేదు. ఆ మాట ఫోన్లో విన్న మా తమ్ముడు అమెరికా నుంచి వచ్చేటప్పుడు ఎవరో వాడి అమ్మేసిన మెటల్ డిటెక్టర్ తెచ్చాడు. మైన్‌ల్యాబ్ ఈక్వినాక్స్ 800. 2018లో వచ్చిన మోడల్, మూడు మీటర్ల లోతు నీళ్లలో కూడా పనిచేస్తుంది. మిషన్ బాగుంది, దాని సంగతి తర్వాత చెప్తాను. అది కుయ్‌మని చూపించినదాన్ని ఇసుకలోంచి పైకి ఎట్లా తీయాలన్నదే అసలు తలనొప్పి.

ముందు ఇంటి దగ్గర ప్రాక్టీసు చేద్దామని పక్కింటివాళ్లు స్లాబుకు పోయించుకున్న ఇసుక కుప్పలో మా ఆవిడ ఉంగరం, ఒక రూపాయి, ఒక సోడా మూత పాతిపెట్టి తిప్పాను. పది నిమిషాల్లో పదిహేను మంది. "ఏందే, ఏమన్న బయటపడ్డదా?" అని ఒకాయన చెవిలో అడిగాడు. సాయంత్రానికి మా వీధిలో గుప్తనిధి దొరికిందని టాక్. మన నల్గొండ వైపు ఈ మిషన్ చేతిలో పట్టుకుంటే ఎవరికైనా మొదట వచ్చే ఆలోచన అదే. ఏ పాత గుడి దగ్గర రాత్రిపూట తవ్వి పట్టుబడ్డవాళ్ల వార్త వచ్చినా పక్కన ఫొటోలో గడ్డపార, నిమ్మకాయలు, ఈ డిటెక్టరే. ఒక దోస్తు అయితే "వాడపల్లి ఘాట్ల దగ్గర పెట్టరాదే, 2016 పుష్కరాలల్ల ఎన్ని పైసలు ఏసిన్రో" అన్నాడు. వద్దన్నాను. కృష్ణ, మూసీ కలిసే చోటు, పాత గుళ్లున్న చోటు, అక్కడ ఈ మిషన్‌తో తిరిగితే నేనే పేపర్లో ఫొటోనవుతాను. ట్రెజర్ ట్రోవ్ చట్టం 1878 నాటిది, ఇప్పటికీ ఉంది: భూమిలో దాగున్నది దొరికి, దాని విలువ 10 రూపాయలు దాటితే కలెక్టర్‌కు తెలపాలి. పది రూపాయలు! అందుకే మన జిల్లా దాటేదాకా మిషన్ డిక్కీలోనే. ఇక్కడ కొని ఇక్కడే తిప్పుదామనుకునేవాళ్లు ముందు ఈ పేరా రెండుసార్లు చదవండి.

ఇక స్కూపు. విదేశాల్లో రెడీగా అమ్ముతారు, పొడుగు పిడి ఉన్న చిల్లుల గరిటె లాంటిది. తెప్పించుకుంటే దాని ఖర్చు కంటే రవాణా ఖర్చే ఎక్కువయ్యేలా ఉంది. మన ఊళ్లో జల్లెడలకు కరువా? ఒక మిల్లు స్క్రాపులో ప్యాడీ క్లీనర్ పై జల్లెడ రేకు దొరికింది. వడ్లు కిందికి దిగి, గడ్డి, మట్టిబెడ్డలు పైన ఆగడానికి పెద్ద చిల్లులుంటాయి దానికి. మేం ఎప్పుడూ పోయే వెల్డింగ్ షాపుకు తీసుకుపోయి కాగితం మీద బొమ్మ గీసి ఇచ్చాను. ఆ పిల్లగాడు అటు తిప్పి ఇటు తిప్పి చూసి, "అన్నా, గిదేందన్నా? చేపలు పట్టెటందుకా, బొగ్గులు జల్లించెటందుకా?" అన్నాడు. రేకును డబ్బాలా చుట్టి, వెనక మూసి, వేపకర్ర పిడి బిగించి ఇచ్చాడు. 600 రూపాయలు తీసుకున్నాడు.

సూర్యలంకలో అది గంటసేపు బాగానే ఉంది. పొడి ఇసుక జలజలా రాలిపోయింది. నీటి అంచుకు పోయాక తెలిసింది, తడిసిన ఇసుక సిమెంటు మాల్ లాంటిది. కాలు పెట్టి తొక్కితే మూతి లోపలికి ముడుచుకుపోయింది. పైగా ఇనుప రేకు కదా, ఇంటికొచ్చి కడగకుండా మూలన పెడితే మూడో రోజుకు ఎర్రగా పొడి రాలింది. తప్పు పిల్లగాడిది కాదు, వడ్లు జల్లించే రేకుతో సముద్రం జల్లించబోయిన నాది.

రెండోది స్టెయిన్‌లెస్ స్టీలుతో చేయిద్దామని వేరే ఊళ్లో పెద్ద ఫ్యాబ్రికేషన్ షాపులో ఇచ్చాను. పేరు చెప్పను. 304 గ్రేడ్ (తుప్పును బాగా తట్టుకునే స్టీలు రకం) అని బిల్లు మీద రాసి మరీ 3,400 తీసుకున్నారు. అయస్కాంతం పెట్టి చూశాను, అంటుకోలేదు, సరే అనుకున్నా. ఒక్క ట్రిప్పు తర్వాత అతుకుల వెంబడి, చిల్లుల అంచున టీ మరకల్లా మొదలై తుప్పు చుక్కలు లేచాయి. తెలిసినాయన దగ్గర స్టీలు టెస్టింగ్ చుక్కల మందు ఉంటే వేసి చూశాం. చుక్క ఎర్రబడింది. అంటే మాంగనీసు ఎక్కువున్న 202 రకం. అయస్కాంతం పరీక్షకు 202, 304 రెండూ ఒకే రకంగా పాసవుతాయి, అదే వాళ్ల ధైర్యం. స్టీలు పనిముట్టు చేయించుకునేవాళ్లు అయస్కాంతాన్ని నమ్మకండి, చుక్కల మందు పట్టుకెళ్లండి. ఉప్పు నీళ్లకు 316 అయితే ఇంకా మంచిది కానీ మన షాపుల్లో అడిగితే ఎగాదిగా చూస్తారు.

మూడోసారి మళ్లీ మన పిల్లగాడి దగ్గరికే పోయాను. ఈసారి మెటీరియల్ నేనే తెచ్చా. సికింద్రాబాద్ రాణిగంజ్‌లో కొన్న, చిల్లులు కొట్టిన 304 షీటు ముక్క, రెండు మిల్లీమీటర్ల మందం, 8 మిల్లీమీటర్ల చిల్లులు. మూతికి చిల్లుల్లేని మూడు మిల్లీమీటర్ల పట్టీ, కొస నూరి పదును పెట్టించా. మామూలు రాడ్ వెల్డింగ్ వద్దని దగ్గరుండి ఆర్గాన్ గ్యాసు వెల్డింగ్ పెట్టించా. వెనక మడమ ఆనించి తొక్కడానికి ఒక చిన్న మెట్టు. పిడికి 25 మిల్లీమీటర్ల స్టీలు పైపు, నాలుగడుగులు, పట్టుకునే చోట సైకిల్ ట్యూబు. మూతి ఆరంగుళాలు, లోతు తొమ్మిది. మొత్తం 2,750 అయింది. ఈ రివ్యూ అసలు దీని గురించే.

చిల్లుల సైజు మీద చాలా కొట్టుకున్నాను. పది మిల్లీమీటర్లయితే ఇసుక గబగబా దిగుతుంది, ముక్కుపుడక కూడా దిగిపోతుంది. ఆరు పెడితే ఏదీ జారదు కానీ ఒక్కో స్కూపు అలలో అరనిమిషం ఆడించాలి, భుజం పోతుంది. ఎనిమిది మధ్యేమార్గం. ఉంగరం, మెట్టె, పట్టీ ఆగుతాయి. చిన్న చెవిదిద్దు ఆగదు, ఆ సంగతి నాకు రెండో ట్రిప్పులో పది మిల్లీమీటర్ల చిల్లులతోనే తెలిసింది. సిగ్నల్ ఉంది, స్కూపు వేస్తే గుంటలో మాయం, కుప్పలోనూ లేదు, మళ్లీ గుంటలోనే కుయ్‌మంటుంది. నాలుగుసార్లు తోడాక చేత్తో దేవితే తెల్లరాయి దిద్దు, గిల్టుది.

ఇప్పుడు మిషన్ సెట్టింగులు. తడి ఉప్పు ఇసుకలో కరెంటు పారుతుంది, కాబట్టి ఒకే ఫ్రీక్వెన్సీతో పనిచేసే డిటెక్టర్ ఆ ఉప్పునే లోహమనుకొని ఊరికే అరుస్తుంది. ఇది ఒకేసారి చాలా ఫ్రీక్వెన్సీలు పంపి ఉప్పు జవాబును విడదీసి పక్కన పెడుతుంది. నేను బీచ్ 1 మోడ్‌లోనే ఉంచుతా. మొదట కాయిల్ (కర్ర కొసన నేల మీద తిప్పే గుండ్రటి పళ్లెం) కదపకుండా నాయిస్ క్యాన్సిల్, అంటే చుట్టుపక్కల కరెంటు గోలను పక్కన పెట్టించడం. తర్వాత లోహం లేని తడి ఇసుక మీద కాయిల్‌ను పైకీ కిందికీ ఆడిస్తూ గ్రౌండ్ బ్యాలెన్స్, అంటే అక్కడి నేలకు మిషన్‌ను అలవాటు చేయడం. సెన్సిటివిటీ (ఎంత సన్నటి సిగ్నల్‌ను పట్టాలన్నది) 25 దాకా ఉంది కదా అని అంతా పెంచితే కోతి గోల. పొడి ఇసుకలో 21, తడిలో 17 లేదా 18. నల్ల ఇసుక చారలున్న చోట ఇంకో రెండు తగ్గిస్తా. ఆ నల్ల ఇసుక పిడికెడు కాగితంలో వేసి కింద అయస్కాంతం తిప్పితే కొంత మీసాల్లా లేచి నిలబడుతుంది, ఇంట్లో పిల్లలకు చూపించడానికి డబ్బాలో తెచ్చుకున్నా. నీళ్లలోకి దిగాక కూడా మిషన్ నిలకడగా లేకపోతే బీచ్ 2.

తిప్పడం కూడా ఒక పద్ధతి. నీటి అంచుకు సమాంతరంగా నడవాలి. పొడి నుంచి తడికి, తడి నుంచి పొడికి అడ్డంగా ఊపితే ప్రతిసారీ నేల మారినట్టు మిషన్ తికమకపడుతుంది. కాయిల్ ఇసుకకు రాసుకుంటున్నంత కిందకు, నెమ్మదిగా. అమావాస్య, పౌర్ణమి దాటిన ఒకటి రెండు రోజుల్లో పాటు బాగా వెనక్కి పోతుంది, ఆ రెండు గంటలే అసలు పని.

డిస్క్రిమినేషన్, అంటే ఏ లోహాలను పట్టించుకోవద్దో మిషన్‌కు చెప్పడం, దాని సంగతి వినండి. కింద ఏ లోహం ఉందో సూచిస్తూ స్క్రీన్ మీద అంకె మైనస్ 9 నుంచి 40 దాకా వస్తుంది, ఇనుము సున్నా కింద. చెత్త తీసి తీసి విసుగొచ్చి చిన్న అంకెలన్నీ మూసేస్తే పోయేది బంగారమే. సన్నటి బంగారు ఉంగరం, గుట్కా ప్యాకెట్ లోపలి రేకు కాగితం ఒకే చోట పలుకుతాయి. కాబట్టి గుట్కా రేకులు ఏరే ఓపిక లేనివాడికి బంగారం దొరకదు. ఇంకో తమాషా, మన రూపాయి, రెండు రూపాయల బిళ్లలు ఇప్పుడు స్టెయిన్‌లెస్ స్టీలు, అయస్కాంతానికి అంటుకునేవి. కృష్ణ వంతెనల మీద పిల్లలు తాడుకు అయస్కాంతం కట్టి నీళ్లలోంచి పైసలు లాగేది అందుకే. ఎక్కడో తయారైన ఈ మిషన్‌కు మాత్రం మన రూపాయి అంటే ఒకసారి ఇనుప ముక్క, ఇంకోసారి వెండి. అంకె గంతులేస్తుంది. గంతులేసే అంకెను వదిలేస్తే బీరు మూతలతో పాటు రూపాయలూ పోతాయి. పోనీ అనుకున్నా.

మూడో ట్రిప్పులో ఏడున్నరకు ఎయిర్ ఫోర్స్ స్టేషన్ కంచెకు దూరంగా, జనం స్నానాలు చేసే వైపే మొదలుపెట్టాను. వల సర్దుకుంటున్న ముసలాయన "బాంబుల వాళ్లా బాబూ?" అని అడిగాడు. "కాదు తాతా, ఉంగరాల వాళ్లం" అన్నా. ఆయన వలకు కట్టే సీసం గుండ్లే అప్పటికి నాకు ఆరు దొరికాయి, ఇచ్చేశాను. పిండాల్లా ఉన్నాయని నవ్వాడు.

తొమ్మిది దాటాక, మోకాలి లోతు నీళ్లకు కాస్త ఇవతల 8 అంకె పడింది. పక్కకు తిరిగి ఊపినా 8, 9. గంతుల్లేవు. స్కూపును కాయిల్‌కు రెండు బారల దూరంలో గుచ్చి పెడతాను నేను, స్టీలు కాబట్టి దగ్గరుంటే మిషన్ దాన్నే పట్టుకుంటుంది. లాక్కొచ్చి, సిగ్నల్‌కు నాలుగంగుళాలు వెనక మూతి ఆనించి మెట్టు మీద కాలేసి తొక్కాను. మొదటి స్కూపు ఖాళీ. గుంటలోకి అల వచ్చి అంచులు కూలాయి. మళ్లీ తిప్పితే సిగ్నల్ గుంటలోనే, కొంచెం కుడికి. రెండో స్కూపు బరువుగా లేచింది. అలలో ఆడిస్తుంటే ఇసుక మబ్బులా దిగిపోయి గవ్వలు, ఎండ్రకాయ కాలు, ఒక చిల్లులో సగం ఇరుక్కొని తెల్లగా ఏదో. మెట్టె. వెండిది, నోరు తెరుచుకునే రకం, ఒక కొస చిల్లులోకి దూరి మరో కొస పట్టుకొని ఆగింది. ఎనిమిది కాకుండా పది అయ్యుంటే జారిపోయేదే.

అక్కడున్న చాయ్ కొట్టామెకు మెట్టె ఇచ్చి, ఎవరైనా అడిగితే ఇవ్వమని నా నంబర్ రాసిచ్చా. ఇంతవరకు ఫోన్ రాలేదు. మరదలి ఉంగరం దొరకలేదు. మూడు ట్రిప్పులకు కలిపి లెక్క: చిల్లర 83 రూపాయలు, బైకు తాళంచెవి, జ్యోతిష్యం రాగి ఉంగరం, చిన్నపిల్ల వెండి పట్టీ ముక్క, మువ్వలు రెండు మిగిలాయి దానికి. బంగారం సున్నా. పెట్రోలు లెక్క మా ఆవిడ రాసిపెట్టింది, నేను చూడలేదు.

స్కూపు మీద ఫిర్యాదు ఒక్కటే, బరువు. రెండు కిలోల ఏడు వందలు. తడి ఇసుక నిండితే ఎత్తి ఎత్తి నడుం పట్టేస్తుంది. పిడికి పైపు బదులు వెదురు పెట్టిద్దామంటే పిల్లగాడు ఒప్పుకోవడం లేదు, తొక్కినప్పుడు జాయింటు దగ్గర విరుగుతుందంటాడు. రెండు వారాలు ఉప్పు నీళ్ల బకెట్లో నానబెట్టి చూశాం, అతుకు మీద ఒక్క చుక్క తుప్పు లేదు. మూడు వందలు ఎక్కువ తీసుకున్నా ఇచ్చేవాణ్ని, చెప్పలేదు. వచ్చే కార్తీకానికి తననూ తీసుకుపొమ్మంటున్నాడు, సముద్రం ఎప్పుడూ చూడలేదట.