జపాన్ పెన్సిళ్లు: తిరుపతిలో నాలుగేళ్ల వాడకం తర్వాత

జపాన్ పెన్సిల్ అనగానే అందరూ అడిగేది నలుపు గురించే. తెలుగు రాసేవాళ్లు ముందు చూడాల్సింది మాత్రం మొన ఎంతసేపు నిలుస్తుందని. మన అక్షరం గుండ్రం, దాని పైన తలకట్టూ గుడీ, కింద వత్తు. మొన కాస్త మొద్దుబారితే చాలు, పకీ ఫకీ తేడా పోతుంది, ఘ లోపలి ఖాళీ పూడిపోతుంది, ‘క్ష్మ’ మచ్చలా మిగులుతుంది. ఈ లెక్కన మిత్సుబిషి హై-యూని, టాంబో మోనో 100 రెండూ గట్టివే. హెచ్‌బీ (గట్టి హెచ్ రకాలకూ, మెత్తని నల్లని బీ రకాలకూ మధ్యది; ముందున్న అంకె పెరిగితే ఆ గుణమూ పెరుగుతుంది) అయితే సింగిల్ రూల్ నోట్‌బుక్‌లో దాదాపు ఒక పేజీ దాకా మళ్లీ చెక్కనక్కర్లేదు. రాసేటప్పుడు రెండు మూడు మాటలకొకసారి పెన్సిల్‌ని వేళ్ల మధ్య కొంచెం తిప్పాలి, లేదంటే మొన ఒక పక్కే అరుగుతుంది. 2బీ ఐదారు వరసలకే మెత్తబడుతుంది. జపాన్‌లో చిన్నపిల్లలకు 2బీ ఇస్తారని ఇక్కడా అదే కొనిపెడుతున్నారు. అక్షరాలు దిద్దే వయసుకు సరే, గుణింతాలూ వత్తులూ వచ్చాక హెచ్‌బీకి మారాలి. చిన్న అక్షరాలు రాసేవాళ్లకు దానికంటే ఒక మెట్టు గట్టిదైన ఎఫ్ ఇంకా బాగుంటుంది.

మిత్సుబిషి పెన్సిల్ కంపెనీ 1887 నాటిది, కార్లు చేసే మిత్సుబిషికీ దీనికీ సంబంధం లేదు. మూడు వజ్రాల గుర్తు ఒకేలా ఉండటంతో చాలామంది పొరబడతారు. యూని 1958లో, హై-యూని 1966లో, మోనో 100 ఆ మరుసటి ఏడు వచ్చాయి. హై-యూని 10హెచ్ నుంచి 10బీ దాకా మొత్తం 22 మెట్లలో దొరుకుతుంది. గ్రాఫైట్‌లో బంకమట్టి పాలు పెరిగేకొద్దీ మొన గట్టిపడి గీత పలచనవుతుంది. మెట్టు పేరు ఒకటే అయినా దేశాన్ని బట్టి నలుపు మారుతుంది: జపాన్ హెచ్‌బీ సాధారణంగా జర్మనీ హెచ్‌బీ కంటే నల్లగా, మెత్తగా ఉంటుంది. అందుకే జర్మనీ బీ అలవాటున్నవాళ్లు జపాన్‌వి కొనేటప్పుడు హెచ్‌బీతో మొదలుపెట్టడం మేలు.

వానల్లో, అంటే అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఇక్కడ కాగితం చెమ్మ పీలుస్తుంది. అప్పుడు హెచ్ రకాలు రాయకుండా కాగితాన్ని గీరుతాయి, గట్టిగా నొక్కితే చిరుగుతుంది. తప్పు పెన్సిల్‌ది కాదు. కాగితాన్ని బీరువాలో పెట్టుకుని, ఆ రెండు మూడు నెలలు ఒక మెట్టు మెత్తనిది వాడితే సరిపోతుంది. మే నెలలో ఇబ్బంది చెమటతో. నున్నటి పూత ఉన్న ఏ పెన్సిలైనా జారుతుంది, అరచేయి తగిలిన చోట కాగితం తడిసి గీత పట్టదు. చేతి కింద ఒక వాడేసిన కాగితం వేసుకోవాలి.

ఎండకాలంలో ఇంకో జాగ్రత్త ఉంది. ప్లాస్టిక్ రబ్బరుని అట్ట తొడుగు తీసేసి పెన్సిళ్లతో కలిపి డబ్బాలో పడేస్తే, దాన్ని మెత్తగా ఉంచే నూనెలాంటి పదార్థం పూతను కరిగిస్తుంది. రబ్బరు పెన్సిల్‌కి అంటుకుపోతుంది, అక్షరాల ముద్ర చెరిగిపోతుంది. వేడికి ఇది ఇంకా తొందరగా జరుగుతుంది. బండి డిక్కీలో అసలే పెట్టవద్దు.

కొనేటప్పుడు ముందే చెక్కి వచ్చిన పెన్సిల్ అయితే, చెక్క ఆగి మొన మొదలయ్యే చోట అంచుని చుట్టూ చూడండి. చుట్టూ ఒకే ఎత్తులో ఉంటే మొన నడిమధ్యన ఉన్నట్టు. ఒక పక్క ఎత్తుగా, ఒక పక్క పొట్టిగా ఉంటే చెక్కినప్పుడల్లా ఒకవైపు చెక్క మొన దాకా మిగిలిపోతుంది, రాస్తుంటే కాగితానికి తగులుతుంది. చెక్కిన ప్రతిసారీ మొన ఊడి వస్తుంటే పెన్సిల్ ఎప్పుడో కిందపడి లోపల విరిగి ఉండాలి, లేదా బ్లేడు మొద్దుబారి ఉండాలి. ముందు బ్లేడు మార్చి చూడండి, సగం సార్లు అక్కడే తేలిపోతుంది.

హెచ్‌బీకి రెండు రంధ్రాల పొడవుమొన షార్ప్‌నర్ అన్నిటికంటే మేలు: మొదటిదాంట్లో చెక్క పోతుంది, రెండోదాంట్లో మొన తేలుతుంది. 4బీ దాటినవాటికి అది పనికిరాదు, పొడవు మొన బరువు ఆపుకోలేక తెగిపోతుంది. వాటిని బ్లేడుతో చేత్తోనే చెక్కాలి. దవడలతో పెన్సిల్‌ని పట్టుకుని తిప్పే షార్ప్‌నర్లు మొన బాగానే ఇస్తాయి కానీ పూత మీద పంటిగాట్లు పెడతాయి. దాచుకోవాలనుకునేవాటిని అందులో పెట్టకండి.

శిల్పం, చిత్రలేఖనం నేర్చుకునేవాళ్లు నవతాళం (విగ్రహం ఎత్తు ముఖానికి తొమ్మిదింతలు ఉండే పద్ధతి) కొలతల గళ్లకు 2హెచ్, రూపం గీతకు హెచ్‌బీ, నీడలకు 4బీ తీసుకుంటే చాలు, 22 మెట్ల పెట్టె కొననక్కర్లేదు. గుడ్డ మీద మాత్రం పెన్సిల్ వద్దు, గ్రాఫైట్ మరక ఓ పట్టాన వదలదు. శ్రీకాళహస్తి కలంకారీ వాళ్లు ముందు గీత కాల్చిన చింతపుల్లతో గీసేది ఊరికే కాదు, ఆ బొగ్గు దులిపితే పోతుంది.

ధర విషయానికొస్తే, ఒక్క హై-యూని డబ్బుతో మన పెన్సిళ్లు ఒక డబ్బా వస్తాయి. రోజూ రాతకు సాదా యూని చాలు, తేడా పేజీ చివర్లో గానీ తెలియదు. హై-యూని అయితే, బొమ్మల్లో నీడలు దిద్దేవాళ్లకు దండగ కాదు. అంత పెట్టి కొన్నదాన్ని ఏడు సెంటీమీటర్లకు వచ్చాక పారేయకుండా బిగింపు గొట్టం తొడిగితే, ఇంకో మూడు సెంటీమీటర్లు హాయిగా వస్తుంది. మెట్టు ముద్ర ఉన్న కొసను మాత్రం చెక్కకండి, తర్వాత అది హెచ్‌బీనో ఎఫ్‌ఓ చెప్పడం కష్టం.