కొండదారులకు 12 వోల్టుల గాలి పంపు: ఏళ్ల తరబడి వాడాక

టెంటు, మడత మంచం, పొయ్యి ఏవి కొనాలన్నది ఎవరి ఇష్టం వాళ్లది. కానీ బండిలో సామాను సర్దుకుని ఉత్తరాంధ్ర కొండల్లోని కురుపాం, గుమ్మలక్ష్మీపురం, సీతంపేట, పాచిపెంట వైపు రెండు మూడు రాత్రులు ఉండి వచ్చేవాళ్లు ముందు కొనాల్సింది గాలి పంపు. బీటీ (తారు) రోడ్డు దిగి గూడేలకు పోయే మెటల్ (కంకర) రోడ్ల మీద నిండు గాలితో వెళ్తే టైరు రాయి మీద వంగదు. రాయి అంచు రబ్బరును కోస్తుంది, కుదుపులకు నట్లు వదులవుతాయి, వెనక సామాను ఒకదాన్నొకటి కొట్టుకుంటుంది. గాలి తగ్గిస్తే ఇవన్నీ తగ్గుతాయి. తిరిగి నింపుకునే సాధనం దగ్గర లేనివాడు మాత్రం గాలి తీయడానికి జంకుతాడు. ఫోర్ వీల్ డ్రైవు లేని మామూలు బండికి ఈ పంపు ఇంకా అవసరం.

పంపులు రెండు రకాలు. ఒకటి డాష్‌బోర్డులోని సిగరెట్ సాకెట్‌కు పెట్టేది, రెండోది క్లిప్పులతో నేరుగా బ్యాటరీకి తగిలించేది. సాకెట్ రకం సుమారు 10 ఆంపియర్లు లాగుతుంది. ఒక టైరులో నాలుగైదు పాయింట్లు (గాలి ఒత్తిడి కొలత, పీఎస్ఐ) తగ్గితే సరిచేసుకోవడానికి అది చాలు. నాలుగు టైర్లూ నింపబోతే వైరు వేడెక్కుతుంది, సాకెట్ ఫ్యూజు పోతుంది, దాంతో ఫోన్ ఛార్జింగూ పోతుంది. క్లిప్పుల రకం 20 నుంచి 30 ఆంపియర్ల దాకా లాగుతుంది. ధర రెండు మూడు రెట్లు ఎక్కువైనా మెటల్ సిలిండరు ఉన్న ఆ రకమే తీసుకోవాలి. మా దగ్గరున్నది ఒకే సిలిండరుది, నిమిషానికి 35 లీటర్లని డబ్బా మీద రాసి ఉంటుంది. 215/75 ఆర్15 సైజు టైరును 18 పాయింట్ల నుంచి 30కి తేవడానికి దానికి మూడు నుంచి నాలుగు నిమిషాలు పడుతుంది.

వాడే వరస ఇది. ఇంజిను స్టార్ట్ చేసి ఐడిల్‌లో ఉంచాలి. ఇంజిను ఆగి ఉంటే బ్యాటరీ 12.4 వోల్టుల దగ్గర మొదలై లోడు పడగానే దిగిపోతుంది, నడుస్తుంటే 14 దాకా ఉంటుంది. ఆ తేడా పంపు వేగంలో తెలిసిపోతుంది. ఎర్ర క్లిప్పు ప్లస్‌కి, తర్వాత నల్లది మైనస్‌కి. పైపు బిగించాకే స్విచ్ వేయాలి. పంపు నడుస్తున్నప్పుడు మీటరు పైపులోని ఒత్తిడిని కలిపి రెండు మూడు పాయింట్లు ఎక్కువ చూపిస్తుంది. కాబట్టి ఆపి చూసిన అంకెనే నమ్మాలి. దానికన్నా విడిగా ఒక మంచి గేజీ ఉంచుకుని, ఎప్పుడూ దాంతోనే కొలవడం మేలు. రెండు టైర్లు నింపాక ఐదు నిమిషాలైనా పంపుకు విశ్రాంతి ఇవ్వాలి.

గాలి ఎంత ఉంచాలి? బండి తలుపు దగ్గర స్టిక్కరు మీద రాసినదాన్ని, టైరు చల్లగా ఉన్నప్పుడు కొలిచి, అక్కడి నుంచి తగ్గించుకోవాలి. 32 ఉండాల్సిన టైరును మెటల్ రోడ్డుకు 25, వాన పడిన ఎర్రమట్టికి 21, ఇసుకకు 17 దాకా దించవచ్చు. సామాను బరువంతా మోసే వెనక చక్రాలకు రెండు మూడు పాయింట్లు ఎక్కువ ఉంచాలి. 15 కిందకు మాత్రం దిగకూడదు, మలుపులో టైరు అంచు రిమ్ము నుంచి జారిపోతుంది. 25తో 40 కిలోమీటర్ల వేగం, 17తో 20 దాటకూడదు. దాటితే టైరు పక్కలు మడతపడి లోపల వేడెక్కి చిట్లుతాయి. సాలూరు, సుంకి ఘాట్ దిగి వచ్చిన వేడి టైరు మూడు నాలుగు పాయింట్లు ఎక్కువ చూపిస్తుంది. అది చూసి గాలి తీసేస్తే తెల్లారేసరికి తక్కువైపోతుంది.

ఇక పాడయ్యే భాగాలు. అన్నిటికన్నా ముందు దెబ్బతినేది గాలి లాగే చోట ఉండే స్పాంజి. మన్యం ఎర్రదుమ్ము దాన్ని మూసేస్తుంది. అప్పుడు నాలుగు నిమిషాల పని ఏడు నిమిషాలవుతుంది, సిలిండరు తాకలేనంత కాలుతుంది, పిస్టను రింగు అరుగుతుంది. ప్రతి ప్రయాణం తర్వాత సబ్బునీళ్లతో కడిగి పూర్తిగా ఆరబెడితే సరిపోతుంది. పంపును నేల మీద పెట్టి నడపడం దీనికి అసలు కారణం. కింద ఒక చెక్క పలక వేయాలి. ఆ పలక 30 సెంటీమీటర్ల చదరంగా, మందంగా ఉంటే మెత్తటి మట్టిలో జాకీ కిందకూ పనికొస్తుంది.

తర్వాత పైపు కొస. మీట నొక్కి పట్టించే రకంలో లోపలి రబ్బరు వాషరు అరిగి, ఒకపక్క గాలి పోస్తుంటే ఇంకోపక్క బుస్సుమని పోతుంటుంది. మరతో తిప్పి బిగించే ఇత్తడి కొస గట్టిది. కానీ విప్పేటప్పుడు పాయింటో రెండో పోతుంది, వేడికి చెయ్యి కాలుతుంది. గుడ్డ పట్టుకుని, కావాల్సినదానికన్నా రెండు పాయింట్లు ఎక్కువ కొట్టి విప్పాలి. స్ప్రింగులా చుట్టుకునే పైపు టైరు వాల్వును పక్కకు లాగుతుంది, కొన్నాళ్లకు వాల్వు మొదట్లో రబ్బరు పగులుతుంది. వెనక చక్రం దాకా చేరే 5 మీటర్ల తిన్నని రబ్బరు పైపు కొనుక్కోండి. వైరులోని 30 ఆంపియర్ల ఫ్యూజులు రెండు, వాషర్లు నాలుగు, వాల్వు పిన్నులు నాలుగు, పిన్ను తిప్పే తాళం ఒకటి చిన్న డబ్బాలో వేసి పంపు సంచిలోనే పడేయండి. గాలి తీసేటప్పుడు పిన్ను పూర్తిగా విప్పితే పని తొందరగా అవుతుంది, గడ్డిలో పడితే మాత్రం దొరకదు.

పంపుతో పాటు పంక్చర్ స్ట్రిప్పులు ఉండాలి. మేకు దిగిన దిక్కులోనే గరుకు సూదిని పదిసార్లు ఆడించి రంధ్రాన్ని శుభ్రం చేయాలి. జిగురు రాసిన స్ట్రిప్పును బయట ఒక సెంటీమీటరు మిగిలేలా దించి, సూదిని ఒక్క ఊపులో లాగేయాలి. సబ్బునీళ్లు పోస్తే బుడగ రాకూడదు. పెద్ద రంధ్రానికి రెండు స్ట్రిప్పులు పడతాయి. టైరు పక్క గోడ తెగితే ఏ స్ట్రిప్పూ పనికిరాదు, స్టెప్నీయే దిక్కు. అందుకే బయలుదేరే ముందు స్టెప్నీ గాలి కూడా కొలవాలి. చాలామంది బండ్లలో అది సగం గాలితో ఉంటుంది.

ప్రయాణం లెక్క వేసేటప్పుడు గాలి పనికీ సమయం కేటాయించాలి. తీయడానికి పది నిమిషాలు, నింపడానికి అరగంట. మెటల్ రోడ్డు మీద గంటకు 15 కిలోమీటర్లకు మించి వేసుకోవద్దు. డిసెంబరులో ఇక్కడ ఐదున్నర కాకముందే పొద్దు గుంకుతుంది, నాలుగింటికల్లా బస చేరాలి. ట్యాంకు పార్వతీపురంలోనో పాలకొండలోనో సాలూరులోనో నింపేయాలి. తాగడానికీ వంటకూ మనిషికి రోజుకు ఐదు లీటర్ల నీళ్లు.

గెడ్డ (వాగు) పక్కన ఇసుక ఎంత చదునుగా ఉన్నా బండి అందులో ఆపి పడుకోకండి. నాగావళి, వంశధార రెండూ ఒడిశాలో పుట్టి వచ్చేవే. పైన వాన పడితే ఇక్కడ చుక్క రాలకుండానే నీరు పెరుగుతుంది. అక్టోబరు, నవంబరు తుపానుల కాలం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న తిత్లీ ఈ జిల్లాల మీదే పడ్డాయి. ఆ రెండు నెలల్లో వాతావరణ హెచ్చరిక చూడకుండా కదలొద్దు. కొమరాడ, గరుగుబిల్లి, జియ్యమ్మవలస మండలాల్లో కొన్నేళ్లుగా ఏనుగులు తిరుగుతున్నాయి. చెరకు, అరటి, వరి చేల పక్కన బస వద్దు, ఏ గుంపు ఎక్కడుందో ఊళ్లో అడిగాకే ముందుకు వెళ్లాలి. రిజర్వు అడవిలో అటవీశాఖ అనుమతి లేకుండా ఉండకూడదు, నిప్పు పెట్టకూడదు. భావనపాడు, బారువ తీరాల ఇసుక మీదకు బండి దించనే వద్దు. జనవరి నుంచి ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టేది అక్కడే.

పంపు చప్పుడు చాలా పెద్దది. గూడెం దగ్గర బస చేస్తే పొద్దుపోయాక స్విచ్ వేయకండి, తెల్లారాక ఊరి బయటికొచ్చి నింపుకోండి. తాటిపూడి, మడ్డువలస, గొట్టా బ్యారేజీ దాకా తారురోడ్డు మీద వెళ్లి సాయంత్రానికి తిరిగొచ్చేవాళ్లకు ఇంత పంపు అక్కర్లేదు. కాలితో తొక్కే పంపు, ఒక గేజీ, పంక్చర్ స్ట్రిప్పులు చాలు.