వదరింగ్ హైట్స్: మూడోసారి చదివాక

ఎమిలీ బ్రాంటీ 1847లో ఎల్లిస్ బెల్ అనే మారుపేరుతో వెలువరించిన ‘వదరింగ్ హైట్స్’ నవలను నేను పదిహేనేళ్లలో మూడుసార్లు చదివాను. మొదటిసారి నచ్చకపోతే నా వయసు చాలలేదనుకున్నాను. ఇప్పుడు మాత్రం లోపం నవలలోనే ఉందనిపిస్తోంది.

పాత్రలు చెడ్డవారన్నది నా అభ్యంతరం కాదు. ఒక్క మాటతో ఆగిపోయే అనర్థాన్ని ఎవరూ ఆపకపోవడమే నన్ను బాధించింది. తొమ్మిదో అధ్యాయంలో, తన ఇంట్లోనే పెరిగిన అనాథ హీత్‌క్లిఫ్‌ను పెళ్లాడితే తన స్థాయి దిగజారుతుందని కేథరిన్ అంటుండగా అతడు అక్కడే కూర్చుని వింటాడు. ఆ మాట వరకే విని లేచిపోతాడు కాబట్టి, తామిద్దరి ప్రాణం ఒక్కటేనని ఆమె ఆ తర్వాత చెప్పినది అతని చెవిన పడదు. అతడు వెళ్లడాన్ని చూసిన ఇంటి పనిమనిషి నెల్లీ డీన్ వెంటనే నోరు విప్పదు, రాత్రి భోజనాల వేళకు అతడు కనిపించకపోయాకే చెబుతుంది. తర్వాత కేథరిన్ మూడు రోజులు తలుపు వేసుకుని పస్తులున్నప్పుడూ నెల్లీ అదంతా నటన అనుకుని భర్త ఎడ్గర్‌కు చెప్పదు. కథంతా మనం వినేది ఈ నెల్లీ నోటి నుంచే. అయినా తన మౌనానికి ఆమె ఎక్కడా గట్టిగా జవాబు చెప్పుకోదు.

మూడో అధ్యాయంలో కిటికీ దగ్గర కనిపించే కేథరిన్ దెయ్యపు పసిచేయి ఇప్పటికీ నన్ను భయపెడుతుంది, యార్క్‌షైర్ బీడు నేలల గాలి పుటల్లోంచి వీస్తున్నట్టే ఉంటుంది. అయితే 34 అధ్యాయాల నవలలో కేథరిన్ పదహారో అధ్యాయంలోనే మరణిస్తుంది. మిగిలిన సగంలో హీత్‌క్లిఫ్ పగ అదే క్రౌర్యంతో పిల్లల మీదికి మళ్లుతుంది: కేథరిన్ అన్న కొడుకు హేర్టన్‌కు చదువు లేకుండా చేస్తారు, కేథరిన్ కూతురైన చిన్న కేథరిన్‌ను నిర్బంధించి, చావుకు దగ్గరైన హీత్‌క్లిఫ్ కొడుకుకి కట్టబెడతారు. తీరా కేథరిన్ పుట్టిల్లు, ఎడ్గర్ ఇల్లు రెండూ చేతికి వచ్చాక హీత్‌క్లిఫ్ తనకు పగ మీద ఆసక్తి పోయిందంటాడు. అతడిని పెళ్లాడిన ఎడ్గర్ చెల్లెలు ఇజబెల్లా పడ్డ హింసకు ఎవరు జవాబుదారీ?

వదరింగ్ హైట్స్ అనే ఆ పుట్టింటి గుమ్మం మీద 1500 అనే అంకెతోపాటు హేర్టన్ పేరే చెక్కి ఉంటుంది, అది తన పేరేనని చదువుకోవడం అతడికి రాదు. కష్టపడి ఆ పేరు చదవడం నేర్చుకున్నాక, అంకెలు రావని చిన్న కేథరిన్ నవ్వుతుంది. చివరికి ఆమే పక్కన కూర్చోబెట్టుకుని చదువు చెబుతుంది. ఈ నవలలో తన తప్పును తానే దిద్దుకున్న మనిషి నాకు ఆమె ఒక్కతే కనిపించింది. ఆ పాఠం ముప్పై రెండో అధ్యాయంలో, కొద్ది పుటల్లో ముగిసిపోతుంది.