ఉక్కు ఫైబరా, ప్లాస్టిక్ ఫైబరా? మంచు, ఉప్పు తగిలే కాంక్రీటుకు ఏది మేలు?

వరంగల్‌లో ఎంత చలి పెట్టినా రోడ్డు మీద నీళ్లు గడ్డకట్టవు. అందుకే ఇక్కడ కాంక్రీటు మాట వచ్చినప్పుడు మంచు సంగతి ఎవరికీ గుర్తు రాదు. కానీ ఐసు గడ్డలు తయారుచేసే ఫ్యాక్టరీలోకి వెళ్లి ఒకసారి కిందికి చూడండి. డబ్బాలు ముంచే తొట్టిలో సున్నా డిగ్రీల కంటే చల్లటి ఉప్పునీళ్లు ఉంటాయి. డబ్బా పైకి లేపిన ప్రతిసారీ అవి గచ్చు మీద కారుతుంటాయి. తొట్టి అంచు వెంట సిమెంటు పొర లేచిపోయి కంకర బయటపడటం అక్కడే మొదలవుతుంది. ఐస్‌క్రీమ్ దాచే మైనస్ 18 డిగ్రీల గది గుమ్మం దగ్గరా ఇదే బాధ. ఇక మన పిల్లలు లడఖ్ రోడ్ల పనికో, కెనడాకో వెళ్తే చెప్పనక్కర్లేదు.

నీరు గడ్డకడితే సుమారు 9 శాతం ఉబ్బుతుంది. కాంక్రీటు రంధ్రాల్లో నీళ్లు నిండుగా ఉన్నప్పుడు ఆ ఉబ్బుకు చోటు దొరక్క లోపలి నుంచే పగులుతుంది. ఉప్పు చేరితే పై పొర పెచ్చులుగా ఊడుతుంది. ఆశ్చర్యం ఏమిటంటే, బాగా చిక్కటి ఉప్పునీళ్ల కంటే 3 శాతం దగ్గరున్న పలచటి ఉప్పునీళ్లే ఎక్కువ నష్టం చేస్తాయి.

ఇప్పుడు ఫైబర్ల సంగతి, అంటే పగుళ్లను పట్టి ఉంచడానికి కాంక్రీటులో కలిపే చిన్న ముక్కలు, పోగులు. ఉక్కు ఫైబర్ బలం గురించి సందేహం లేదు. కొసలు వంచిన 50, 60 మిల్లీమీటర్ల ముక్కలు ఘనమీటరుకు 20 నుంచి 40 కిలోలు వేస్తే, పగులు వచ్చాక కూడా గచ్చు విడిపోకుండా పట్టుకుంటుంది. లారీలు, ఫోర్క్‌లిఫ్టులు తిరిగే చోట నేను దీనివైపే మొగ్గుతాను. ఉప్పు తగిలితే తుప్పు పట్టదా అంటే పడుతుంది, కానీ కడ్డీల తుప్పులాంటిది కాదు. పగుళ్లు లేని మంచి కాంక్రీటులో తుప్పు పైనున్న కొన్ని మిల్లీమీటర్ల దగ్గరే ఆగుతుంది. ముక్కలు సన్నవి, ఒకదానికొకటి కలిసి ఉండవు కాబట్టి కాంక్రీటును ఎగదన్నేంత ఉబ్బవు. గచ్చు మీద ఎర్రటి మచ్చలు మాత్రం తప్పవు. అసలు భయం వెడల్పాటి పగుళ్ల దగ్గర. అక్కడ ఉప్పునీళ్లు నేరుగా దిగుతాయి, పగులును పట్టి ఉంచాల్సిన ముక్కలే సన్నబడి తెగుతాయి.

పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్ ఫైబర్‌కు తుప్పు బెడద లేదు. 12 మిల్లీమీటర్ల సన్న పోగులు ఘనమీటరుకు 900 గ్రాములు వేస్తే చాలు. కాంక్రీటు పచ్చిగా ఉన్నప్పుడు, ముఖ్యంగా మన మే నెల ఎండలో, పైన వచ్చే సన్న పగుళ్లను ఇవి బాగా అడ్డుకుంటాయి. నీరు పైకి తేలడం తగ్గి పై పొర గట్టిగా మిగులుతుంది. ఉప్పు దాడి చేసేది ఆ పొర మీదే కదా. అయితే గట్టిపడ్డ కాంక్రీటులో పెద్ద పగులు వస్తే దాన్ని ఆపే శక్తి ఈ పోగులకు లేదు. అందుకు లావుపాటి సింథటిక్ (ప్లాస్టిక్) ఫైబర్లు ఉన్నాయి. అవీ ఎల్లకాలం బరువు లాగుతుంటే మెల్లగా సాగుతాయి. గాజు ఫైబర్ వేయాలంటే జిర్కోనియా కలిపిన క్షార నిరోధక రకమే వేయాలి, మామూలుది సిమెంటులోనే పాడవుతుంది.

ఏ ఫైబరైనా మంచుకు మందు కాదని మాత్రం గట్టిగా చెబుతాను. పగిలినదాన్ని పట్టుకోవడమే దాని పని. పగలకుండా కాపాడేది గాలి. కాంక్రీటులో కంటికి ఆనని బుడగలుంటే గడ్డకట్టే నీటికి చోటు దొరుకుతుంది. తడి, మంచు రెండూ ఉండే చోట కాంక్రీటు బలం ఎం50 కంటే తక్కువ గ్రేడైతే, 20 మిల్లీమీటర్ల కంకరకు 5 శాతం, ఒక శాతం అటూ ఇటూగా, గాలి ఉండాలని మన దేశపు కాంక్రీటు కోడ్ ఐఎస్ 456:2000 చెబుతుంది. గాలి ఒక్క శాతం పెరిగితే బలం దాదాపు 5 శాతం తగ్గుతుంది కాబట్టి ఏ సరుకు ఎంత కలపాలో తేల్చే మిక్స్ డిజైన్‌లోనే ఆ లెక్క వేసుకోవాలి. సిమెంటులో కొంత భాగానికి బదులుగా వేసే ఫ్లైయాష్, అంటే భూపాలపల్లి, రామగుండం కరెంటు ప్లాంట్ల బొగ్గు బూడిద, మనకు దగ్గరే. కానీ ఉప్పు చల్లే చోట అది ఎక్కువైతే పై పొర త్వరగా ఊడుతుంది. అమెరికా కాంక్రీటు సంస్థ ఏసీఐ కోడ్ అలాంటి చోట సిమెంటు, బూడిద కలిపిన మొత్తంలో దాన్ని 25 శాతం దాటనివ్వదు.

కాబట్టి ఐస్ ఫ్యాక్టరీ తొట్టి చుట్టూ నేనైతే పాలీప్రొపిలీనే వేయిస్తాను. మంచు ప్రాంతంలో బరువు బండ్లు తిరిగే రోడ్డుకు ఉక్కు, గాలి బుడగలతో కలిపి. మచ్చలు పడకూడదనుకుంటే లావుపాటి సింథటిక్.

ఫైబర్ పడగానే మాలు బిర్రుగా కనిపిస్తుంది. మేస్త్రీ చేయి బకెట్ మీదికి పోతుంది. అక్కడే ఆపండి. నీరు, సిమెంటు నిష్పత్తి 0.45 దాటితే పై లెక్కలేవీ పనిచేయవు. జారుడు కావాలంటే నీళ్లు పెంచకుండానే మాలును పలచన చేసే ప్లాస్టిసైజర్ మందు వేయించండి. ఫైబర్ కలిపాక గాలి శాతం మళ్లీ కొలవండి.