సాఫ్ట్‌వేర్ ఆవిష్కరణకు పేటెంటా, వ్యాపార రహస్యమా?

ఖర్చు: పేటెంటు (ఆవిష్కరణను ఇతరులు వాడకుండా అడ్డుకునేందుకు ప్రభుత్వం ఇచ్చే హక్కు) కావాలనుకున్న ప్రతి దేశంలోనూ దరఖాస్తు రుసుములు, న్యాయవాదుల ఫీజులు భరించాలి. వ్యాపార రహస్యానికి, అంటే పద్ధతిని ఎవరికీ చెప్పకుండా దాచుకోవడానికి, రుసుము లేదు గానీ, ఉద్యోగులతో ఒప్పందాలు, సోర్స్ కోడ్‌పై (ప్రోగ్రాము అసలు రాతపై) గట్టి కాపలా తప్పనిసరి.

గడువు: పేటెంటుకు దరఖాస్తు తేదీ నుంచి 20 ఏళ్లు, రహస్యానికి, అది బయటపడనంత కాలం.

ముప్పు: అసలు చిక్కంతా ఇక్కడే ఉంది. పేటెంటు కోరితే పద్ధతినంతా లోకానికి వెల్లడించాలి, అయినా అది నిలుస్తుందన్న భరోసా లేదు. అమూర్త భావనను కంప్యూటర్‌పై అమలు చేసినంత మాత్రాన పేటెంటు దక్కదని 2014లో ఆలిస్ అనే కంపెనీ కేసులో అమెరికా సుప్రీంకోర్టు తేల్చింది. మన పేటెంట్ల చట్టంలోని సెక్షన్ 3(కె) కూడా కేవలం కంప్యూటర్ ప్రోగ్రామును ఆవిష్కరణగా అంగీకరించదు. రహస్యాన్ని నమ్ముకున్నవారు మాత్రం, మరొకరు సొంతంగా అదే పద్ధతిని కనిపెడితే అడ్డుకోలేరు. పైగా ఆ మరొకరు పేటెంటు తీసుకుంటే, రహస్యాన్ని నమ్ముకున్న చిన్న కంపెనీ కోర్టు మెట్లెక్కాల్సి రావచ్చు, ఇది నాకు నిజంగా అన్యాయమనిపిస్తుంది.

గూగుల్ రెండు దారులూ తొక్కింది: తాను వాడుకున్న పేజ్‌ర్యాంక్‌కు (వెబ్ పేజీల ప్రాధాన్యాన్ని లెక్కగట్టే పద్ధతికి) 2001లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం పేరిట పేటెంటు వచ్చింది, ఆ తర్వాతి ర్యాంకింగ్ మెలకువల్లో చాలా భాగం గోప్యంగానే ఉండిపోయాయి.

తెరపై చూడగానే పోటీదారు అనుకరించగల పద్ధతికి, లైసెన్సుల ద్వారా ఆదాయం ఆశించే సంస్థకు పేటెంటు తగినది. సర్వర్ లోపలే పనిచేస్తూ తరచూ మారే అల్గారిథమ్‌కు, నిధులు తక్కువగా ఉన్న అంకుర సంస్థకు రహస్యమే మేలు.